ఎస్ ఒత్తాల్నా బిడ్డా?

మార్చిలో ఒక ఆదివారం. మా అబ్బాయికి ఎనిమిదో తరగతి వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. హాల్లో సోషల్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. టేబుల్ మీద నా ఫోన్ మోగితే వాడే ఎత్తాడు. మా నాయిన.

మా నాయిన కల్వకుర్తి దగ్గర పల్లెలో ఉంటాడు. మేము నల్గొండలో. ఫోన్‌కు సంబంధించిన అనుమానం ఏదైనా వస్తే ఆయన నా నంబరుకే చేస్తాడు గానీ, “పెద్దోనికియ్యి” అంటాడు. నేను పద్నాలుగేళ్లుగా కంప్యూటర్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. అయినా ఆ విషయాల్లో ఆయనకు మనవడే గురువు.

“పెద్దోడా, రైతుల పైసల యాప్ అని ఊరి గ్రూపుల పెట్టిన్రు. ఒత్తితే ఏందో అడ్డమొస్తుంది.”

“ఏమంటుంది తాతా?”

“తెలవని కాడికెల్లి వచ్చిందట. వద్దంటుంది. ఎస్ ఒత్తాల్నా బిడ్డా?”

“అది ప్రతిదానికీ అట్లనే అంటది తాతా. కింద సెట్టింగ్స్ అని ఉంటది చూడు. దాంట్లకు పోయి వాట్సాప్ కాడ ఆన్ చెయ్. తర్వాత అన్నిటికీ ఎస్ కొట్టు.”

పోపు చిటపటల్లో సగం విన్నాను, సగం వినలేదు. “ఏంట్రా?” అన్నాను. “ఏం లేదమ్మా, యాప్” అన్నాడు. నేనూ వదిలేశాను.

మంగళవారం ఉదయానికి మా నాయిన ఖాతాలో 46,000 రూపాయలు లేవు. యాసంగి పల్లి అమ్మిన డబ్బు. కూలీలకు ఇవ్వాల్సింది ఇంకా అందులోనే ఉంది. ఆయన వేసుకున్నది ఏ ప్రభుత్వ యాప్ కాదు. పథకం పేరు, బొమ్మ తగిలించిన దొంగ ఏపీకే ఫైలు. మెసేజ్‌లు చదివే అనుమతి అడిగింది, ఈయన ఎస్ కొట్టాడు. బ్యాంకు పంపిన ఓటీపీలు ఆయనకంటే ముందు వాళ్లకు చేరాయి. ఊరి గ్రూపులో ఆ ఫైలు పెట్టిన మనిషి కూడా దొంగేం కాదు. ఆయన ఫోన్‌లోకి దూరిన యాపే ఆయన పేరుతో అందరికీ పంపింది.

తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. అప్పటికి దాటిపోని 11,000 రూపాయలు ఆగాయి, తర్వాత తిరిగి వచ్చాయి. మిగతా 35,000 పోయాయి.

వాడన్న మాట

ఆ రాత్రి మా అబ్బాయి అన్నం తినలేదు. నాకు కోపం ఆగలేదు. “అంత స్పష్టంగా వద్దని చెప్తుంటే ఎస్ కొట్టమని ఎట్లా చెప్పావురా?” అని అరిచాను. వాడు చాలాసేపు తల వంచుకుని కూర్చుని, చివరికి ఒక్క మాటన్నాడు.

“నువ్వే కదమ్మా చెప్పినవ్. అది ప్రతిదానికీ అట్లనే అంటది అని.”

నాకు గుర్తొచ్చింది. నవంబరులో ఒక రాత్రి. మర్నాడు వాడి సైన్స్ ప్రాజెక్ట్ వీడియో ఇవ్వాలి. మా ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, దాంట్లో ఉబుంటు లైనక్స్ వేసి వాడికిచ్చాను. వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ కావాలి. అది ఉబుంటు సొంత భాండాగారంలో లేదు, వేరే ఎవరో నడిపే చోట ఉంది. ఆ చిరునామా చేర్చగానే టెర్మినల్‌లో ఎర్ర అక్షరాలు వచ్చాయి. ‘ఈ రిపాజిటరీ సంతకాన్ని సరిచూడలేకపోతున్నాను, అందుకని దీన్ని వాడను’ అని దాని అర్థం.

సరైన పద్ధతి నాకు తెలుసు. ఆ రిపాజిటరీ వాళ్ల కీ ఎక్కడుందో వెతకాలి, అది వాళ్లదేనని మరోచోట సరిచూసుకోవాలి, దానికి మాత్రమే వర్తించేలా పెట్టాలి. పావుగంట పని. అప్పటికి రాత్రి పదకొండు. నేను ఆ చిరునామా పక్కన చిన్న మాట చేర్చాను, ‘ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్’ అని. అంటే ‘దీన్ని నమ్ము, అడగకు’ అని. ఎర్ర అక్షరాలు పోయాయి. ప్రోగ్రామ్ వచ్చేసింది.

పక్కనే కూర్చున్న వాడు అడిగాడు, “ఎర్రగా వస్తే ఏం కాదా అమ్మా?” అని. నేను నవ్వి, “ఏం కాదు నాన్నా. అది ప్రతిదానికీ అట్లనే అంటది. ఇట్లా రాస్తే ఊరుకుంటది” అన్నాను.

తాతకు వాడు చెప్పిన మాట నా మాటే. అక్షరం కూడా మారలేదు.

నేను ఏ నోరు మూయించాను?

ఆ రాత్రి నేను ఊరుకోబెట్టింది దేన్నో వాడికి చెప్పాలనిపించింది. మరుసటి ఆదివారం పరీక్షల మధ్య ఒక గంట తీసుకుని ఇద్దరం ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటున్నారు. ఇవాళో రేపో వాళ్ల ముందూ ఆ ఎర్ర అక్షరాలు వస్తాయి.

లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లను ఎక్కడ పడితే అక్కడ వెతికి తెచ్చుకోరు. ప్యాకేజీ మేనేజర్ అనే పనివాడు ఉంటాడు. ఉబుంటు, డెబియన్‌లలో వాడి పేరు ఆప్ట్. ఏయే రిపాజిటరీల నుంచి సరుకు తేవచ్చో ఒక జాబితా వాడి దగ్గర ఉంటుంది. మనం పేరు చెప్తే వెళ్లి తెస్తాడు. అయితే తెచ్చినదాన్ని నేరుగా లోపలికి రానివ్వడు.

ముందు ఆ రిపాజిటరీ నుంచి ఒక చిన్న కాగితం తెప్పించుకుంటాడు. దానిమీద రిపాజిటరీ యజమాని డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకాన్ని తన దగ్గరున్న కీతో సరిచూస్తాడు. సరిపోతే, ఆ కాగితంలో సరుకుల జాబితాకు సంబంధించిన వేలిముద్ర ఉంటుంది, దానితో జాబితాను సరిచూస్తాడు. ఆ జాబితాలో ఒక్కో ప్యాకేజీ వేలిముద్ర ఉంటుంది, దానితో ప్యాకేజీని సరిచూస్తాడు. వేలిముద్ర అంటే ఆ ఫైలు నుంచి లెక్కగట్టిన 64 అక్షరాల కోడ్. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ కోడ్ పూర్తిగా వేరే అయిపోతుంది. అంటే ఒక్క సంతకం సరైనదైతే కింద ఉన్న వేల ప్యాకేజీలన్నీ దానికి కట్టుబడి ఉంటాయి. డెబియన్‌లో ఈ ఏర్పాటు 2007లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి ఉంది.

దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. సరుకు ఏ దారిన వచ్చిందన్నది అసలు లెక్కే కాదు. ఏదో కాలేజీ సర్వర్ నుంచి రావచ్చు, పక్క దేశం నుంచి రావచ్చు, దారిలో ఎవరైనా మార్చబోతే సంతకం దగ్గర దొరికిపోతారు. కొన్ని రిపాజిటరీల కాగితం మీద గడువు తేదీ కూడా ఉంటుంది. పాత, లోపాలున్న సరుకును కొత్తదని అంటగట్టకుండా అదొక కట్టడి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యే ఆ కాసేపు ఇంటి తాళాలన్నీ దాని చేతిలో ఉంటాయి. ఏ గదిలోకైనా వెళ్లగలదు, దేన్నైనా మార్చగలదు. అందుకే ఒకప్పుడు సంతకం లేకపోతే హెచ్చరించి ఊరుకున్న ఆప్ట్, ఇప్పుడు మామూలుగా అయితే ఆ రిపాజిటరీని వాడనే వాడనంటుంది. నేను రాసిన ‘ఎస్’ ఈ మొత్తం తనిఖీని ఆ ఒక్క చిరునామాకు ఎత్తేసింది. ఆ రోజు తెచ్చిన ప్రోగ్రామ్ మంచిదే. కానీ ఆ ‘ఎస్’ నేను తీసేయలేదు. నవంబరు నుంచి మార్చి దాకా, ఆ చిరునామాలో ఎవరు ఏం పెట్టినా మా అబ్బాయి ల్యాప్‌టాప్ అడగకుండా తీసుకునే స్థితిలోనే ఉంది.

ఫోన్ సంగతీ దాదాపు ఇంతే, ఒక తేడాతో. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ సంతకం ఉండాల్సిందే. కానీ ఆ సంతకానికి కీ ఎవరైనా తయారుచేసుకోవచ్చు, దొంగ కూడా. ఫోన్ దాన్ని చూసి చెప్పగలిగేది, ఈ కొత్త వెర్షన్ పాత వెర్షన్ ఇచ్చినవాళ్లే ఇచ్చారా అన్నది మాత్రమే. మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లెవరో దానికి తెలియదు. ‘తెలియని చోటు నుంచి వచ్చింది’ అని మా నాయినకు అది చెప్పింది పచ్చి నిజం.

తాత చెప్పిన కథ

పరీక్షలు అయిపోగానే దేవరకొండ మీదుగా ఊరికి వెళ్లాం. దారి పొడవునా మా అబ్బాయి మాట్లాడలేదు. తన దగ్గర దాచుకున్న 2,300 రూపాయలు కవరులో పెట్టి తెచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

మా నాయిన ఆ కవరు చూసి నవ్వాడు. “పైసలు పోతే పోయినయి బిడ్డా. నాకు సుత ఒకపాలి అయ్యింది. మీ అమ్మకు తెల్వదు” అన్నాడు. నాకు నిజంగానే తెలియదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా ఇంట్లో పాలిచ్చే బర్రెను అమ్మారు. నా హాస్టల్ ఫీజు కోసం. ఆ ఏడు వానలు లేక పత్తి పండలేదని నాకు చెప్పారు. ఇన్నేళ్లూ అదే నమ్మాను. జరిగింది వేరు. నాయినకు బాగా తెలిసిన ఒకాయన లూజు విత్తనాలు తెచ్చాడు. సంచి మీద పేరు లేదు, లాట్ నంబరు లేదు, బిల్లు లేదు. ‘కంపెనీదే, నేరుగ వచ్చింది, నీకని ఆపిన’ అన్నాడు. చెట్టు ఏపుగా పెరిగింది, కాయ పట్టలేదు. చుట్టుపక్కల చేలన్నీ తెల్లగా విచ్చుకుంటే మా చేను పచ్చగా నిలబడింది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలన్నా చేతిలో చీటీ ముక్క లేదు.

“సంచి చూసినప్పుడే నాకు అనుమానం కొట్టింది” అన్నాడు నాయిన మనవడితో. “అడుగుదామనుకున్న. మొహమాటపడ్డ. ఎట్లనన్న అడుగుత, నా పెండ్లికి వచ్చిన మనిషి.”

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఆ ఎర్ర అక్షరాల నోరు నేను తొందరలో మూయించాను. ఆయన తన అనుమానం నోరు మొహమాటంతో మూయించుకున్నాడు. ఆప్ట్‌కు తొందర లేదు, మొహమాటమూ లేదు. పెళ్లికి వచ్చినవాళ్లయినా సరే, సంతకం చూపించమంటుంది. దానివల్ల ఉన్న ఉపయోగమే అది. మనుషులకు చేతకాని చోట అది అడుగుతుంది. మనం దాన్ని కూడా మనలాగే చేసేస్తాం.

ఆ తర్వాత నుంచి మా నాయిన సంచి కుట్టు చూడనిదే, ట్యాగు చదవనిదే, బిల్లు తీసుకోనిదే విత్తనం ఇంటికి తేలేదు. ఆ సాయంత్రం దూలానికి వేలాడుతున్న సంచిలోంచి పాత ట్యాగులు తీసి మనవడికి చూపించాడు. పల్లి విత్తనాల సంచికి కుట్టే నీలం ట్యాగు అంటే ధ్రువీకరించిన విత్తనం. దాని తల్లి విత్తనం ఫౌండేషన్, దానికి తెల్ల ట్యాగు. దానికీ తల్లి బ్రీడర్ విత్తనం, శాస్త్రవేత్తల చేతుల్లోంచి వచ్చేది, దానికి బంగారు పసుపు ట్యాగు. నీలం ట్యాగు ఇచ్చే ముందు ధ్రువీకరణ సంస్థ వాళ్లు దాని తల్లి విత్తనం ఎక్కడిదో ట్యాగు చూసి, చేను చూసి, నమూనా పరీక్షించి ఇస్తారు. పరీక్ష జరిగిన తేదీ నుంచి తొమ్మిది నెలల గడువు. 1966 నాటి విత్తన చట్టం కింద నడిచే పద్ధతి.

మా అబ్బాయి ట్యాగును తిప్పి తిప్పి చూసి, “అమ్మా, ఇది అదే కదా” అన్నాడు. పసుపు, తెలుపు, నీలం. కాగితం, జాబితా, ప్యాకేజీ. గడువు తేదీతో సహా. లారీ ఎవరిదైతేనేం, కుట్టు తెగకుండా వస్తే చాలు. నేను గంటసేపు చెప్పింది వాడికి ఆ నీలం ముక్కతో పూర్తిగా అర్థమైంది.

సంతకం చెప్పలేనిది

ఇక్కడితో ఆపితే మీకు సగమే చెప్పినట్టు. సంతకం ఉంటే భయం లేదనుకుంటే అదీ పొరపాటే.

2024 మార్చి 29, గుడ్ ఫ్రైడే. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో దొంగదారి దొరికిందని ప్రపంచమంతా గుప్పుమంది. ఫైళ్లను కుదించే ఆ ప్రోగ్రామ్ దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. జియా టాన్ అన్న పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో ఓపికగా మంచి పనులే చేసి, బాధ్యతలు చేతికి వచ్చాక, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. డెబియన్ వంటి సంస్థలు పరీక్ష కోసం ఉంచే విభాగాల్లోకి అది సరైన సంతకంతోనే చేరింది. ప్యాకేజీ మేనేజర్ సరిచూసింది, సరిపోయింది. సంతకంలో ఏ తప్పూ లేదు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన కంప్యూటర్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానపడి తవ్వుకుంటూ పోయాడు. ఆ శని, ఆదివారాలు మా టీమ్ అంతా సర్వర్లలో ఆ వెర్షన్ ఉందేమోనని వెతికింది. మేము వాడేది స్థిరపడిన పాత వెర్షన్ కావడంతో బతికిపోయాం.

సంతకం ఎవరిచ్చారో చెప్తుంది. ఇచ్చినవాళ్ల మనసులో ఏముందో చెప్పదు.

మొదటి కీ సంగతి ఇంకొకటి. ఉబుంటు కీ ఉబుంటుతోపాటే వస్తుంది. మరి ఆ మొదటి ఫైలే దొంగదైతే? 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడ్డవాళ్లు డౌన్‌లోడ్ లింకును దొంగ ఫైలు వైపు తిప్పారు. ఫైలు, దాన్ని సరిచూసే కోడ్ రెండూ ఒకే పేజీ నుంచి తీసుకుంటే, ఆ పేజీ చేతులు మారిన రోజు రెండూ మారిపోవచ్చు. లింకు ఇచ్చినవాణ్ణే ‘ఇది అసలుదేనా’ అని అడిగితే ఏం లాభం? మరో దారిలో అడగాలి.

డెబియన్ వాళ్లు దీనికి చాలా పాతకాలపు మార్గం పెట్టుకున్నారు. ఎదురెదురుగా కలిసినప్పుడు ఒకరి గుర్తింపు కార్డు మరొకరు చూసి, కీ వేలిముద్ర చదివి సరిపోల్చుకుని, ఒకరి కీకి మరొకరు సంతకం చేస్తారు. 2023 సెప్టెంబరులో వాళ్ల వార్షిక సమావేశం మన కొచ్చిలోనే జరిగింది. ఇంత సాంకేతికత చివరికి వెళ్లి ఆనేది ఇద్దరు మనుషులు ముఖాముఖి కూర్చున్న బల్ల మీద.

పైథాన్, జావాస్క్రిప్ట్ నేర్చుకునే పిల్లలు వాడే భాండాగారాల్లో ఇంకో చిక్కుంది. అక్కడ ఎవరైనా ప్యాకేజీ పెట్టవచ్చు. 2017 ఆగస్టులో జావాస్క్రిప్ట్ భాండాగారం ఎన్‌పీఎంలో ‘క్రాస్‌ఎన్వ్’ అనే ప్యాకేజీ దొరికింది. అసలు దాని పేరులో మధ్యలో చిన్న గీత ఉంటుంది. ఆ గీత మరిచిపోయి టైప్ చేసినవాళ్ల కంప్యూటర్లలోంచి రహస్య వివరాలు లాగేయడానికే దాన్ని పెట్టారు. పేరు అక్షరం అక్షరం చూసుకోవడం అక్కడ తప్పదు. తెలుగులో వత్తు మారితే అర్థం మారుతుందని మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు కదా.

మేము మార్చుకున్నవి

ఊరి నుంచి వచ్చాక ఆ ల్యాప్‌టాప్‌లో నేను రాసిన ‘ఎస్’ను మా అబ్బాయి చేతే తీయించాను. ఆ ప్రోగ్రామ్ తయారుచేసేవాళ్ల కీ ఎక్కడుందో వెతికి, దాని వేలిముద్రను రెండు వేర్వేరు చోట్ల వాడే సరిపోల్చాడు. పావుగంట పట్టింది.

కీని ఎలా పెట్టాలో కూడా చూపించాను. పాత పద్ధతిలో ఒక కీని ఒప్పుకుంటే అది ఏ రిపాజిటరీకైనా చెల్లేది. పాలవాడికని ఇచ్చిన తాళం చెవి బీరువాకూ పట్టినట్టు. అందుకే ఆ పద్ధతిని మాన్పించారు. ఇప్పుడు ఈ కీ ఈ ఒక్క రిపాజిటరీకే అని రాసి పెట్టొచ్చు. ఆండ్రాయిడ్‌లోనూ ఇదే మార్పు వచ్చింది. ఒకప్పుడు ‘తెలియని చోట్లు’ అని ఫోన్ మొత్తానికి ఒకే స్విచ్ ఉండేది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి వాట్సాప్‌కు వేరు, బ్రౌజర్‌కు వేరు. మా నాయిన ఫోన్‌లో వాట్సాప్ పక్కన ఆ స్విచ్ అప్పటికీ ఆన్‌లోనే ఉంది. దొంగ యాప్ తీసేశాక కూడా దాన్ని ఆపాలని మాకెవరికీ తట్టలేదు. ఫోన్‌ను పూర్తిగా చెరిపి మళ్లీ సిద్ధం చేయించి, ఆ స్విచ్ ఆపి ఉందని మా అబ్బాయి రెండుసార్లు చూశాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక ఒప్పందం. ఏ తెర మీదైనా ‘వద్దు’ అని వస్తే, ఎస్ కొట్టేముందు అది ఎందుకు వద్దంటోందో బయటికి చదివి పక్కవాళ్లకు చెప్పాలి. నేను కూడా. మొన్న ఆఫీసు పని తొందరలో ఒక హెచ్చరికను దాటబోతుంటే మా అబ్బాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే “చదువు అమ్మా” అన్నాడు. చదివాను. కీ గడువు అయిపోయింది. పని మర్నాటికి వాయిదా వేశాను. ఏమీ మునిగిపోలేదు.

దసరా సెలవులు

యాసంగి పల్లి వేసే రోజులు. మేము ఊరికి వెళ్లేసరికి నాయిన విత్తనాల సంచి తెచ్చి ఉంచాడు. నీలం ట్యాగు, కుట్టు తెగలేదు, బిల్లు జేబులో ఉంది. అయినా సంచి విప్పి వంద గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనె మీద వరసగా పేర్చి, చుట్టి నీడన పెట్టమని మనవడికి ఇచ్చాడు.

“ట్యాగు ఉంది కదా తాతా. మళ్లీ ఎందుకు?”

“ట్యాగు ఎవరిచ్చిన్రో చెప్తది. మొలుస్తదా లేదా గోనె చెప్తది.”

రోజూ పొద్దున్నే లేచి నీళ్లు చిలకరించాడు వాడు. వారం తర్వాత గోనె విప్పి వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. వందకు 84 మొలిచాయి. పల్లి విత్తనానికి కనీసం 70 ఉండాలన్నది నిబంధన. నోట్‌బుక్‌లో తేదీ వేసి, లాట్ నంబరు రాసి, కింద 84 అని రాశాడు.

“ఇగ ఎస్ అంటవా పెద్దోడా?” అన్నాడు మా నాయిన.

“ఎస్ తాతా” అన్నాడు.

ఈ నెల ఇంట్లో పిల్లలతో కలిసి చేయండి

• ఇంట్లో ప్రతి ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడం’ అన్నచోట చూడండి. వాట్సాప్, బ్రౌజర్ వంటి వాటి పక్కన ఆన్‌లో ఉంటే ఆపండి. తాతయ్య, నానమ్మల ఫోన్లు మరవకండి.

• బ్యాంకు, పథకం, చలానా, చివరికి మన స్కూల్ యాప్ పేరుతోనైనా, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకండి. పంపినవాళ్లు తెలిసినవాళ్లయినా ఫోన్ చేసి అడగండి. స్కూల్ యాప్ విషయం స్కూల్ ఆఫీసులోనే అడగండి.

• పిల్లలు కోడింగ్ నేర్చుకుంటుంటే, వీడియోల్లో చూపించే కమాండ్లను అలాగే దించుకోవద్దని చెప్పండి. ‘నమ్ము’, ‘సరిచూడకు’ అనే అర్థం వచ్చే మాట అందులో ఉంటే ఆగి టీచర్‌ను అడగమనండి.

• ఒకసారి ఇచ్చిన అనుమతి అలాగే ఉండిపోతుంది. మూడు నెలలకోసారి కూర్చుని అక్కర్లేనివి తీసేయండి.

• డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత ఆగే అవకాశం ఉంది. పొరపాటు చేసింది పిల్లలైతే, అరిచే ముందు ఆ పని వాళ్లు ఎవరిని చూసి నేర్చుకున్నారో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి, నల్గొండ